లినార్దోస్ మావయ్య చదివిన తోలుముక్కలు

మా మేనమామ లినార్దోస్ మా దీవిలో, మా ఊరు కొరాకియా చర్చిలో నలభై ఏళ్లు పాడాడు. ఆయన గొంతెత్తితే కొండ అవతల మేకలు మేత మానేసి ఇటు చూసేవని ఊళ్లో అనుకునేవారు. మేకల సంగతి నాకు తెలీదు గానీ, తన పాట తనే విని మావయ్య కళ్లు తుడుచుకోవడం మాత్రం చాలా ఆదివారాలు చూశాను. పొట్టి మనిషి. పాడేటప్పుడు మునివేళ్ల మీద లేచేవాడు. మీసం మనిషి కంటే ఒక కొలత పెద్దది.

ఆయన చదివింది మూడో తరగతి. ఆపైన వాళ్ల నాన్న మేకలు అప్పజెప్పాడు. ఇరవై రెండో ఏట, ఈస్టరుకి ముందు వారంలో, చర్చిలో పాడే ముసలాయన మంచం పట్టాడు. ఆ వారం పాట లేకపోతే ఎలా అని అందరూ తల పట్టుకుంటే, వెనక వరసలోంచి మావయ్య లేచి, చిన్నప్పట్నుంచి విన్నదంతా విన్నది విన్నట్టు పాడేశాడు. ఎదురుగా పుస్తకం తెరిచి పెట్టుకున్నాడు. మధ్యమధ్యలో పేజీ తిప్పాడు. ఆ తిప్పడంలో ఉన్న దర్జా చూసి జనం ఆయన చదువుతున్నాడనే అనుకున్నారు. అచ్చక్షరాలు కూడబలుక్కుని చదవగలడు, అది నిజమే. అయితే అక్కడితో ఆగలేదు.

మోస్కా అత్తయ్య వాళ్ల నాన్న గాలిమర యజమాని. చదువురాని వాడికి పిల్లనిచ్చేది లేదన్నాడు. మావయ్య ఆయన్ని వెంటబెట్టుకుని కొండమీద పాడుబడ్డ మఠానికి తీసుకెళ్లాడు. మఠం వాకిట్లో చిన్న కుళాయి, దాని పైన రాతిమీద చెక్కిన పాతకాలం అక్షరాలు. మాటకీ మాటకీ మధ్య సందుండదు, అన్నీ పెద్దక్షరాలే, గోడకి చీమల బారులా ఉంటాయి. మావయ్య టోపీ తీసి, రాతిని చేత్తో తడిమి, గట్టిగా చదివాడు.

"ఈ నీళ్లు తాగినవాడు తొంభై ఏళ్లు బతుకును."

"నీకీ చదువు ఎవరు నేర్పారోయ్?" అన్నాడు గాలిమర ఆయన.

"మఠంలో చివరి సన్యాసి. మేకలు కాస్తూ నేర్చుకున్నాను."

ముసలాయన కడుపునిండా నీళ్లు తాగి, కూతుర్నిచ్చి పెళ్లి చేశాడు. తొంభై ఒకటి దాకా బతికాడు కూడా. మావయ్య అబద్ధానికి ఆయన ఆయుష్షు గట్టి ఆధారం అయిపోయింది.

దాంతో ఆయన పాత లిపులన్నిటికీ ఊరి పెద్ద అయ్యాడు. పొలం దున్నుతుంటే అక్షరాలున్న రాయి దొరికినా, తాతల పెట్టెలో పాత కాగితం కనబడినా ఆయన దగ్గరకే తెచ్చేవారు. ఆయన కాదనేవాడు కాదు. ఎవరికేం కావాలో వాళ్ల మొహంలో ముందే చదివేసి, దాన్నే రాయిలో చదివి వినిపించేవాడు. లస్కారో అనే విధవరాలు తన ద్రాక్షతోటలో దొరికిన రాయి తెస్తే, "ఇక్కడ ఒక మంచివాడు నిద్రపోతున్నాడు, అతనికి భార్య అంటే ప్రాణం" అని చదివాడు. ఆవిడ మొగుడు సముద్రంలో పోయాడు, శవం దొరకలేదు. ఆ రాయిని ఆవిడ గుమ్మం పక్కన నిలబెట్టుకుని, రోజూ ఒక చెంబు నీళ్లు పోసి కడిగేది.

అత్తయ్యకి అసలు సంగతి పెళ్లయిన నెలకే తెలిసింది. నాకు తెలిసి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో మాత్రం ఊరుకునేది కాదు.

పందొమ్మిది వందల యాభై ఆరు జూలైలో భూకంపం వచ్చింది. మా దీవికి పెద్ద దెబ్బ తగల్లేదు. కుండలు పగిలాయి, ఒకటి రెండు గోడలు బీటలిచ్చాయి, చర్చిలో పాటల పుస్తకం పీట మీదనుంచి పడి అట్ట ఊడిపోయింది. ఆ పుస్తకం మఠం మూతపడినప్పుడు మా చర్చికి వచ్చింది. ఎప్పుడో ఎవరో సన్యాసి దానికి అట్ట కట్టేటప్పుడు గట్టిదనం కోసం లోపల ఇంకేదో పాత పుస్తకాన్ని కోసి అంటించాడట. ఊడిన అట్టలోంచి ఏడు తోలుముక్కలు బయటపడ్డాయి. రెండు వేళ్ల వెడల్పు, జానెడు పొడుగు. మేకతోలు గీసి పలచన చేసింది. వాటి మీద గోధుమరంగు సిరాతో, సందు లేని ఆ పెద్దక్షరాలు.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఫాదర్ ఫ్రాంగూలిస్ ఆ ముక్కల్ని తువ్వాలు మీద పరిచి అందరికీ చూపించాడు.

"ఇదేదో దేవుడి గ్రంథంలా ఉంది. లినార్దోస్, ఇలా రావయ్యా. చదువు."

మావయ్య వెళ్లాడు. నేను అత్తయ్య పక్కనే ఉన్నాను. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని నొక్కింది, ఇప్పటికీ గుర్తే.

ఇక్కడ ఊట సంగతి చెప్పాలి. మా కొరాకియాకీ, కింద ఉన్న ప్లాతనా ఊరికీ మధ్య కొండలో ఒక నీటి ఊట ఉంది. మూడు రోజులు మాకు, మూడు రోజులు వాళ్లకి. ఏడో రోజు ఎవరిదన్నది తాతలనాటి తగువు. ఎండాకాలం వచ్చిందంటే చాలు, శనివారం తెల్లారేసరికి రెండూళ్ల వాళ్లూ పారలు పట్టుకుని కాలవ దగ్గర నిలబడేవారు. ఆ ఏడు వానల్లేక టమాటా తోటలు వాడిపోతున్నాయి. చర్చిలో ఉన్న మగవాళ్లందరి మొహాల్లోనూ ఒకటే రాసి ఉంది. మావయ్య దాన్నే చదివాడు.

"ఊట... నీటి ఊట... సరిహద్దు... పైన నివసించువారికి ఏడవ దినము..."

ఇంకేముంది, చర్చి దద్దరిల్లిపోయింది. ఫాదర్ శిలువ గుర్తు వేసుకున్నాడు. వెనకాల ఎవరో, "పారలు తియ్యండ్రా!" అన్నారు.

ఇంటికొచ్చాక అత్తయ్య తలుపేసింది. నేను లోపలే ఉండిపోయాను.

"ఏం చదివావు?"

"ఉన్నదే చదివాను."

"ఏ అక్షరం చూసి ఊట అన్నావు?"

"గుండ్రంగా ఉందది. ఊటలాగే ఉంది."

"అయితే చీజు అని ఎందుకు చదవలేదూ? అదీ గుండ్రంగానే ఉంటుంది."

"చీజు కోసం ఎవరూ కొట్టుకోవట్లేదు కదా, మోస్కా."

"వచ్చే శనివారం ఎవడి తలో పగిలితే, ఆ తల నువ్వు పగలగొట్టినట్టే. తెలుసా?"

మావయ్య కుర్చీలో కూలబడ్డాడు. మీసం కూడా కిందకి దిగినట్టు అనిపించింది.

సాయంత్రానికి కబురు కింది ఊరికి పాకింది. అక్కడ కాఫీ దుకాణం నడిపే జోర్జిస్ వాళ్ల ఊరికి పెద్దమనిషి. బొగ్గులాంటి కనుబొమలు, దగ్గు లాంటి నవ్వు. మర్నాడే గాడిదెక్కి మా కొట్టుకి వచ్చాడు. మా రెండూళ్లకీ కలిపి ఉన్న ఒక్క టెలిఫోను మా కొట్లోనే ఉండేది, దాన్ని చూసుకునేది నేనే.

"కాలియో తల్లీ, ఏథెన్స్ కలుపు. మా బావమరిది కూతురు అక్కడ పెద్ద గ్రంథాలయంలో పనిచేస్తోంది. పాత తోళ్లు చదివే మనిషిని పంపమంటాను. మీ మావయ్య కళ్లు మంచివే. ఇంకో రెండు కళ్లు చూస్తే ఏం పోతుంది?"

పది రోజుల్లో మనిషిని పంపుతామన్నారు. అంతదాకా శనివారాలు ఎవరూ కాలవ ముట్టుకోకూడదని ఫాదర్ రెండూళ్ల చేతా ఒట్టు వేయించాడు. మావయ్యకి మాత్రం ఆ పది రోజులూ పదేళ్లలా గడిచాయి. మొదట, అవి పవిత్రమైన ముక్కలు కాబట్టి మళ్లీ అట్టలో అంటించేద్దామని ఫాదర్‌ని బతిమాలాడు. కుదర్లేదు. తర్వాత మేకల్ని చూసుకోవాలని కొండెక్కి, రెండు రోజులకే ఆకలేసి దిగొచ్చాడు. చివరికి గొంతు పోయిందన్నాడు. నడి ఎండలో ఉన్ని మఫ్లరు చుట్టుకుని, చేతిసైగలతో తిరిగాడు.

"పోయింది గొంతు కదా, తిండికి దారి బాగానే ఉందే" అంటూ అత్తయ్య పళ్లెంలో రెండోసారి ఆలుగడ్డ ఆమ్లెట్టు వేసేది.

ఏథెన్స్ నుంచి వచ్చింది మగవాడు కాదు. ముప్ఫై దాటని అమ్మాయి, పేరు కలిరోయి. మందపాటి కళ్లద్దాలు, మగవాళ్ల బూట్లు, నోట్లో సిగరెట్టు. ఫాదర్ గడ్డం నిమురుకుంటూ, "ప్రొఫెసరుగారు వెనకాల వస్తున్నారా అమ్మా?" అని అడిగాడు.

"వెనకాల గాడిద వస్తోంది ఫాదర్. దాని మీద నా పెట్టె ఉంది. ప్రొఫెసర్ని నేనే."

చర్చి ముందు ఆవరణలో బల్ల వేశారు. రెండూళ్ల వాళ్లూ వచ్చారు. ఇటు మావాళ్లు, అటు వాళ్లు, మధ్యలో ఆవిడ. సిగరెట్టు ఆర్పేసి, చేతులు సబ్బుతో కడుక్కుని, ఏడు ముక్కల్నీ అటు తిప్పీ ఇటు తిప్పీ పక్కపక్కన చేర్చింది. గంటసేపు వాటి మీదే వంగి చూసింది. మావయ్య మెడలో మఫ్లరుతో చెమటలు కక్కుతున్నాడు.

ఆఖరికి ఆవిడ తలెత్తింది. "దీన్ని మొదట చదివింది ఎవరు?"

అన్ని వేళ్లూ మావయ్య వైపు తిరిగాయి.

"బాగా పట్టుకున్నారండీ!" అంది. "ఊటే. సరిహద్దు ఫలానా కొండ మీదనుంచి దిగి నీటి ఊట దగ్గరకి పోతుంది అని ఉంది. ఈ రాత చదవడానికి నాకే గంట పట్టింది."

మా వైపు వాళ్లు టోపీలు గాల్లోకి ఎగరేశారు. మావయ్య వైపు చూశాను. పిడుగు పక్కన పడి తను బతికిపోయినవాడి మొహం అది.

"ఆగండాగండి!" అంది కలిరోయి. "ఇది మీ ఊట కాదు. బైబిలు పాత నిబంధనలో పన్నెండు గోత్రాల వాళ్లకి భూమి పంచిన భాగం. ఆ దేశం ఇక్కడికి ఎంత దూరమో తెలుసా? ఈ తోలు రాసి పదిహేను వందల ఏళ్లయింది. అది గొప్ప! ఇలాంటి పుస్తకాలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టచ్చు..."

ఎవరూ వినిపించుకోలేదు.

"ఊట ఎవరికి ఇచ్చారమ్మా, అది చెప్పు" అన్నాడు జోర్జిస్.

"ఇక్కడ తెగిపోయింది. సరిహద్దు అక్కడనుంచి కిందికి దిగి... అంతే. తర్వాతి వరస వేరే ముక్కలో ఉండాలి."

"కిందికి దిగి! విన్నారా? కిందికి! అంటే మా ఊరికే!"

"సరిహద్దు దిగుతోంది, నీళ్లు కాదు!" అని మావాళ్లు అరిచారు.

మిగతా ముక్క దొరికితేనే తగువు తేలుతుందని రెండూళ్ల వాళ్లూ ఒక్కమాట మీదకి వచ్చారు. వాళ్లు ఒక్కమాట మీదకి రావడం నేను పుట్టాక అదే మొదలు. మర్నాడు పొద్దున్నుంచి ఇళ్లలో అటకలు దులిపారు. పాతబడ్డ తోలు అన్నది ఏదైనా సరే, చర్చి ముందు బల్ల మీదకి చేరింది. పెళ్లిళ్లలో వాయించే డోలు చర్మం, జల్లెడ, తేనెజాడీ మూత, ఓడలో పనిచేసినవాడి చింకి గుర్తింపు కాగితం, ఎవరిదో చెప్పు అడుగు. కలిరోయి ఓపిగ్గా ఒక్కొక్కటీ ఎండకి పెట్టి చూసి, "కాదండీ, ఇది మేక, మామూలు మేక" అని తిరిగిచ్చేది. ఫాదర్ ఆవిడకి కాఫీ మీద కాఫీ తెప్పించాడు. సాయంత్రానికి సిగరెట్టు సంగతి కూడా క్షమించాడు.

మూడోరోజు అత్తయ్య వచ్చింది. శాలువా చాటు నుంచి ఏదో తీసి బల్లమీద పెట్టింది. అది చంటిపిల్లల చొక్కా చేతికి కొలతగా వాడే తోలుముక్క. వాళ్ల నాయనమ్మ కత్తిరించింది. ఆ ముక్కని గుడ్డమీద పెట్టి, చుట్టూ సుద్దతో గీసి కత్తిరించేవారు. మా ఊళ్లో నాలుగు తరాల పిల్లలు ఆ చేతుల చొక్కాలే తొడుక్కున్నారు, నేనూ తొడుక్కున్నాను. కలిరోయి దాన్ని ఎండకెత్తి పట్టుకుంది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది.

"ఇదీ ఆ పుస్తకమే. అదే చెయ్యి, అదే సిరా. అమ్మా, ఇది మీకెక్కడిది?"

"మా ముత్తాత మఠంలో వంటవాడు. అక్కడ చెత్తలో పారేస్తే తెచ్చాడట."

"ఇంతకాలం దీని మీద అక్షరాలున్నాయని తెలీదా?"

"తెలుసు. అట్ట ఊడిన రోజే పోల్చుకున్నాను." అత్తయ్య మావయ్య వైపు చూసింది. "తెస్తే ఇదీ చదవమంటారని తేలేదు."

కలిరోయికి ఆ మాట అర్థం కాలేదు. మర్యాద తెలిసిన పిల్ల. ఆ చొక్కాచేతిని రెండు చేతులతో మావయ్యకి అందించింది. "మీరు మొదలుపెట్టండి. ఊట అన్నది మీరే కదా కనిపెట్టింది. మీ తర్వాత నేను చూస్తాను."

మావాళ్లు అప్పటికే పారలు గోడకి ఆనించి సిద్ధంగా ఉంచుకున్నారు. కింది ఊరి వాళ్లు పారలు వెంటే తెచ్చుకున్నారు. మావయ్య ఆ ముక్క పట్టుకుని మావాళ్ల మొహాలు చూశాడు. తర్వాత జోర్జిస్ మొహం చూశాడు. జోర్జిస్ అప్పుడు వేళాకోళం చెయ్యట్లేదు. వాడిపోయిన తోట ఉన్న మనిషి ఎలా చూస్తాడో అలా చూస్తున్నాడు. రెండువైపులా కావలసింది ఒకటే. రెండువైపులకీ ఇవ్వడం మావయ్య వల్ల కాలేదు. మఫ్లరు విప్పేశాడు.

"నాకు రాదు" అన్నాడు.

"గొంతు బాలేదు పాపం" అన్నాడు ఫాదర్.

"గొంతు బ్రహ్మాండంగా ఉంది ఫాదర్! ఈ పాత రాత చదవడం రాదు. ఎప్పుడూ రాలేదు. ఊట అన్నది గాలిలో వేసిన రాయి, వెళ్లి తగిలింది. ఏడో రోజు అన్నది నా సొంతం. మఠం కుళాయి, మీ రాళ్లు, మీ కాగితాలు, అన్నీ నేను కల్పించినవే. చీమలబారు చూసినా ఒకటే, ఇది చూసినా ఒకటే నాకు."

కొట్టేస్తారేమో అనుకున్నాను. ఎవరో ఒకళ్లు తిట్లు మొదలుపెట్టారు కూడా. అంతలో జోర్జిస్ దగ్గు లాంటి ఆ నవ్వు నవ్వడం మొదలుపెట్టాడు. ఆపుకోలేక గోడ పట్టుకున్నాడు.

"ఒరే లినార్దోస్! మా నాన్న సమాధి మీద నిలబెట్టిన పాతరాయి చదివి, 'ఇతడు ఎవరికీ అపకారం చెయ్యలేదు' అన్నావు. మా ఊరంతా రెండేళ్లు నన్ను ఆడిపోసుకుంది, ఆ రాయి వేరేవాళ్లదై ఉంటుందని!"

ఆ నవ్వు రెండువైపులకీ అంటుకుంది. నవ్వనిది లస్కారో ఒక్కతే. ఆవిడ కర్ర పొడుచుకుంటూ బల్ల దగ్గరకి వచ్చింది.

కలిరోయి అయ్యో అనుకుని, "పెద్దమ్మా, మీ రాయి ఎక్కడుంది? వచ్చి సరిగ్గా చదివిపెడతాను" అంది.

"వద్దు తల్లీ. నువ్వు పెద్ద చదువు చదివావు, కళ్లద్దాలు పెట్టావు. ఏం చదువుతావో ఏమో. లినార్దోస్ చదివిందే ఉండనీ."

ఆ తర్వాత తమ రాయి చదవమని ప్రొఫెసరమ్మని అడిగినవాళ్లు మా ఊళ్లో ఒక్కళ్లూ లేరు.

చొక్కాచేతి మీద ఏముందంటే ఊళ్ల పేర్లు. ఫలానా ఊరు, ఫలానా ఊరు, ఫలానా ఊరు, వెరసి తొమ్మిది ఊళ్లు, వాటి పల్లెలు. ఊట మాటే లేదు. అంతా ఉసూరుమన్నారు. జోర్జిస్ అయితే వదలకుండా మూడుసార్లు చదివించుకున్నాడు.

"తొమ్మిదా? కచ్చితంగా తొమ్మిదేనా? అన్ని ఊళ్ల వాళ్లు ఒక చోట నీళ్లు ఎలా పంచుకున్నారమ్మా?"

"అది రాయలేదండీ."

"అసలైంది ఎప్పుడూ రాయరు" అని పార భుజాన వేసుకున్నాడు. ఆ శనివారం నీళ్లు మధ్యాహ్నం దాకా మాకు, మధ్యాహ్నం నుంచి వాళ్లకి పారాయి. వచ్చే శనివారం సంగతి అప్పుడు చూద్దామనుకున్నారు. చూసుకుంటూ చూసుకుంటూ ఏడేళ్లు లాగారు, పైపులు వచ్చేదాకా.

కలిరోయి ఇంకో వారం ఉంది. అత్తయ్య ఇంట్లోనే దిగింది. తోలుముక్కలు ఏథెన్స్ తీసుకెళ్లడానికి ఫాదర్ ఒప్పుకున్నాడు, అత్తయ్య మాత్రం ఒక షరతు పెట్టింది. "నా చొక్కాచెయ్యి పట్టుకుపోతే పో. మా ఆయనకి ఆ అక్షరాలు నేర్పి పో. ఈయన ఇంకో ముప్ఫై ఏళ్లు ఇలా బతికితే నేను భరించలేను."

యాభై ఆరేళ్ల మనిషి, సాయంత్రాలు పెరట్లో ద్రాక్షపందిరి కింద కూర్చుని, నాలుక బయటపెట్టి అక్షరాలు దిద్దాడు. ఎదురుగా బీన్స్ ఒలుస్తూ అత్తయ్య. మూడో రోజుకే ఆవిడకి అన్నీ వచ్చేశాయి. మావయ్యకి ఏడు రోజులు పట్టింది. అదీ ఒకదానికొకటి దగ్గరగా ఉండే అక్షరాల దగ్గర ఆవిడ మొహం చూసి చెప్పేవాడు.

"నా మొహం మీద ఏం రాసి లేదు. తోలు చూడు!"

"ముప్ఫై ఏళ్ల అలవాటే, ఒక్కసారి పోతుందా!"

చర్చిలో పాట మాత్రం మానలేదు. మాన్పించాలని ఎవరికీ తోచలేదు. ఒక్క ఆదివారం, చదువొచ్చిన ఉత్సాహంలో, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అక్షరం అక్షరం చూసుకుంటూ పాడాడు. ప్రార్థన రెండు గంటలు ఎక్కువ పట్టింది. ఇళ్లలో మాంసం మాడిపోయింది. ఫాదర్ ఫ్రాంగూలిస్ స్వయంగా వచ్చి పుస్తకం మూసి, దాని మీద చెయ్యి పెట్టి, "నాయనా, నువ్వు ఎప్పటిలా పాడు" అన్నాడు.

నాలుగేళ్ల తర్వాత ఏథెన్స్ నుంచి ఉత్తరం వచ్చింది. ఎక్కడో ఉత్తరదేశపు గ్రంథాలయంలో, వేరే పుస్తకం అట్టలో, అదే చేతిరాతతో ఇంకో ముక్క దొరికిందట. కలిరోయి ఫొటో పంపింది. మావయ్య, అత్తయ్య దాని మీద మూడు రోజులు పోట్లాడుకున్నారు. ఒక అక్షరం ఆయన ఒకటంటాడు, ఆవిడ ఇంకొకటంటుంది. చివరికి తేల్చమని మావయ్య కలిరోయికి జవాబు రాశాడు. ప్రొఫెసరు గర్వపడాలని, మొత్తం ఆ పాత పెద్దక్షరాల్లోనే, సందు లేకుండా రాశాడు. కవరు మీద చిరునామా కూడా అలాగే రాశాడు.

అయిదు వారాల తర్వాత ఆ ఉత్తరం మూడు దీవులు తిరిగి, ఒంటినిండా ముద్రలతో మా కొట్టుకే వచ్చింది. పోస్టుమాన్ దాన్ని బల్లమీద పడేసి, "ఇది ఏ దేశానికో మా వాళ్లెవరికీ అర్థం కాలేదు కాలియో" అన్నాడు. మావయ్యని పిలిపించాను. ఆయన అటు తిప్పి ఇటు తిప్పి చూసి, తప్పు ఒక్కటి కూడా లేదే అని తెగ బాధపడ్డాడు. అప్పుడు నేను ఏథెన్స్ కలిపాను. ఆయన మునివేళ్ల మీద లేచి, దీవి మొత్తానికి వినబడేలా టెలిఫోనులో ఒక్కో అక్షరం అరిచి చెప్పాడు. అవతల కలిరోయి నవ్వు నాకూ వినబడింది. ఆ అక్షరం అత్తయ్య చెప్పిందేనట. మావయ్య ఫోను పెట్టేసి, మీసం సవరించుకుని, "లైను బాలేదే అమ్మాయ్, ఏం చెప్పిందో వినబళ్లేదు" అని ఇంటికి వెళ్లిపోయాడు.